ఏడు ఆగస్టా, ఎనిమిది జులయా: వెబ్‌సైట్‌లో తారీఖుల కోసం ఏది ఎంచుకోవాలి

నల్గొండలో ఒక ఫంక్షన్ హాల్‌కు బుకింగ్ సైట్ చేసిచ్చాను. సైట్ ఎక్కిన వారానికే ఓనర్ ఫోన్ చేశాడు. "ఏం తమ్మీ, ఆషాఢంల పెండ్లి ఎవరన్న పెట్టుకుంటరా? జులై 8కి హాల్ బుక్కయిందని చూపెడుతున్నది నీ సైటు." వెళ్లి చూస్తే కౌంటర్ మీది డైరీలో నీలం పెన్నుతో స్పష్టంగా రాసి ఉంది: ఆగస్టు 7, బుధవారం, లగ్గం. శ్రావణం మొదలైన మూడో రోజు అది. పాత బుకింగ్‌లన్నీ ఎక్సెల్ షీట్ నుంచి ఎక్కించింది నేనే. షీట్‌లో 07/08/2024 అని ఉంది. మనం రోజు ముందు చదువుతాం. ఆ కంప్యూటర్ అమెరికా పద్ధతిలో నెల ముందు చదివింది.

తప్పు నా కళ్ల ముందే ఉన్నా అప్పుడు పట్టుకోలేకపోయాను. ఆ కాలమ్‌లో కొన్ని తారీఖులు గడిలో కుడివైపుకు, కొన్ని ఎడమవైపుకు జరిగి ఉన్నాయి. ఎక్సెల్ తారీఖుగా గుర్తించినదాన్ని కుడికి పెడుతుంది, ఉత్త అక్షరాలుగా వదిలేసినదాన్ని ఎడమకు పెడుతుంది. 13 నుంచి 31 దాకా ఉన్న అంకెలు నెల కాలేవు కాబట్టి అవి ఎడమకు పోయాయి. 1 నుంచి 12 దాకా ఉన్నవి చప్పుడు లేకుండా తిరగబడ్డాయి. 08/08 లాంటిది ఎటు తిప్పినా ఒకటే అనుకున్నా, నెలకు పదకొండు రోజులు అబద్ధం చెబుతున్న షీట్ అది. అందుకే ఎవరు ఎక్సెల్ పంపినా ఇప్పుడు ముందుగా చూసేది ఆ కాలమ్ ఎటు ఒరిగిందనే.

మిల్లులు, బడులు, పాల కేంద్రాలు, హాళ్లకు చిన్న సైట్లు చేసేవాళ్లను, ఇప్పుడిప్పుడే వెబ్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. తారీఖు అనగానే "ఏ లైబ్రరీ వాడాలి అన్నా?" అని అడుగుతారు, అంటే ముందే ఎవరో రాసిపెట్టిన ఏ కోడ్ తెచ్చుకోవాలి అని. ఆ ప్రశ్న నాలుగోదో ఐదోదో కావాలి.

## ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు: మీ దగ్గరున్నది తారీఖా, క్షణమా? పెళ్లి రోజు, పుట్టినరోజు, ఫీజు ఆఖరు రోజు, ఇవన్నీ తారీఖులు. వాటికి గంటలు లేవు, దేశాలు లేవు. ఆగస్టు 7 పెళ్లి అంటే మిర్యాలగూడలోని మేనమామకూ, డల్లాస్‌లోని కొడుక్కీ శుభలేఖ మీద ఒకటే అక్షరాలు. బస్తాల లారీ గేటు దాటిన సమయం, డబ్బు కట్టిన సమయం, లాగిన్ అయిన సమయం మాత్రం క్షణాలు. ఆ క్షణంలో గడియారం ఒక్కో దేశంలో ఒక్కో అంకె చూపిస్తుంది. నేను చూసిన తారీఖు తప్పుల్లో సగానికి పైగా తారీఖును క్షణంగా మార్చడం వల్ల వచ్చినవే.

రెండోది, డేటా ఎక్కడి నుంచి వస్తోంది? ఫారంలో జనం నింపుతున్నారా, ఎక్సెల్ వస్తోందా, వేరే సైట్ నుంచి తీసుకుంటున్నారా? మూడోది, చదివేది ఎవరు, ఏ భాషలో? నాలుగోది పేజీ బరువు. దేవరకొండ అవతల తండాలో సిగ్నల్ ఒక గీత ఉన్న ఫోన్‌లో కూడా మీ పేజీ తెరుచుకోవాలి. ఐదోది, రేపు మీరు హైదరాబాద్‌లో ఉద్యోగానికి వెళ్లిపోతే ఈ కోడ్‌ను ఎవరు చూసుకుంటారు?

## దాచడం: మూడు దారులు

| ఎలా దాస్తాం | ఉదాహరణ | మంచి | చెడు |
|---|---|---|---|
| మామూలు అక్షరాలుగా, రోజు ముందు | 07-08-2024 | కంటికి అలవాటు | వరస తప్పుతుంది, లెక్కలు కుదరవు |
| డేట్ కాలమ్‌లో, ఏడాది ముందు | 2024-08-07 | వరస, వెతకడం, లెక్క అన్నీ సరిగ్గా | చూపేటప్పుడు తిప్పాలి |
| 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల అంకెగా | 1722816000 | క్షణాలకు బాగుంటుంది | చూస్తే ఏమీ అర్థం కాదు, తారీఖుకు పనికిరాదు |

మొదటి దారిలో వెళ్లిన సైట్లు మన దగ్గర చాలా ఉన్నాయి. తెలిసినవాళ్లు ఎవరైనా చూడమని ఇస్తే డేటాబేస్ తెరవగానే కనిపించేది అదే. దానితో చిక్కు ఏమిటంటే, కంప్యూటర్ అక్షరాలను ఎడమ నుంచి పోలుస్తుంది. 02-01-2024 కన్నా 01-12-2024 ముందు వచ్చేస్తుంది, అంటే జనవరి రసీదు కన్నా డిసెంబర్ రసీదు పైన కూర్చుంటుంది. ఏడాది ముందు, తర్వాత నెల, ఆ తర్వాత రోజు రాస్తే అక్షరాల వరస, కాలం వరస ఒకటే అవుతాయి. ఐఎస్‌ఓ 8601 అని 1988లో వచ్చిన అంతర్జాతీయ పద్ధతి ఇదే. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లోని డేట్ కాలమ్ కూడా ఈ రూపాన్నే తీసుకుంటుంది, 1000వ సంవత్సరం నుంచి 9999 దాకా.

క్షణాలకు మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ కాలమ్ ఉంది. అది 1970 నుంచి 2038 జనవరి 19 దాకా మాత్రమే పనిచేస్తుంది. తాత పుట్టినరోజు అందులో పెడితే పట్టదు, ఇరవై ఏళ్ల లోన్ ఆఖరు వాయిదా కూడా పట్టదు. లారీ గేటు దాటిన సమయానికి సరిపోతుంది.

సెకన్ల అంకెతో ఇంకో మెలిక ఉంది. సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ సెకన్లలో లెక్కిస్తుంది, బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ సెకనులో వెయ్యో వంతుల్లో లెక్కిస్తుంది. పైన టేబుల్‌లోని 1722816000 అంకెను పీహెచ్‌పీ నుంచి తెచ్చి అలాగే జావాస్క్రిప్ట్‌కు ఇస్తే, 2024 ఆగస్టు 5 బదులు 1970 జనవరి 21 కనిపిస్తుంది. వెయ్యితో గుణించడం మర్చిపోయారన్నమాట. పేజీలో 1970 జనవరి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఇదే. సరిగ్గా 01-01-1970 అని కనిపిస్తే మాత్రం కథ వేరు. తారీఖు గడి ఖాళీగా ఉంది, పీహెచ్‌పీ ఆ ఖాళీని సున్నాగా తీసుకుంది. ఖాళీని ఖాళీగానే దాచండి, చూపేటప్పుడు ఒక గీత పెట్టండి.

పుట్టిన తారీఖుల విషయంలో ఒక్క మాట. మొదట్లో ఇచ్చిన ఆధార్ కార్డుల్లో చాలావాటి మీద పుట్టిన సంవత్సరం మాత్రమే ఉండేది. ఊళ్లల్లో పెద్దవాళ్లకు ఇప్పటికీ అంతే తెలుసు. మీ కాలమ్ పూర్తి తారీఖే కావాలని పట్టుబడితే ఆపరేటర్ జనవరి 1 అని కొట్టేసి పోతాడు, ఆ తర్వాత ఏది నిజం జనవరి 1, ఏది ఉత్తది అనేది ఎవరికీ తెలియదు. సంవత్సరానికి విడిగా ఒక కాలమ్ పెట్టడం మేలు.

## సర్వర్‌లో తిప్పడమా, బ్రౌజర్‌లో తిప్పడమా

నా మొగ్గు సర్వర్ వైపే, ముఖ్యంగా ఉత్త తారీఖులకు. పేజీ వచ్చేటప్పటికే తారీఖు సిద్ధంగా ఉంటుంది, చూసే ఫోన్ ఎంత పాతదైనా పర్లేదు. కానీ పీహెచ్‌పీ వాడేవాళ్లు రెండు గుంతలు దాటాలి.

మొదటి గుంత గీతలది. పీహెచ్‌పీలో తారీఖు చదివే స్ట్ర్‌టుటైమ్ ఫంక్షన్‌కు 07/08/2024 ఇస్తే అమెరికా పద్ధతిలో జులై 8 అంటుంది. అదే 07-08-2024 ఇస్తే మన పద్ధతిలో ఆగస్టు 7 అంటుంది. అడ్డగీతకు ఒక దేశం, ఏటవాలు గీతకు ఇంకో దేశం! ఇది తప్పు కాదు, దాని నియమమే అది. అందుకని ఊహించమని దాన్ని అడగకూడదు, "ఇది రోజు, ఇది నెల, ఇది ఏడాది" అని మనమే చెప్పి చదివించే క్రియేట్ ఫ్రమ్ ఫార్మాట్ వాడాలి. అదీ పూర్తిగా అమాయకంగా ఉండదు. 31/02/2024 ఇస్తే తప్పు అనకుండా మార్చి 2 అని ఇస్తుంది. తిప్పాక వచ్చినదాన్ని మళ్లీ పాత రూపంలోకి మార్చి, మొదట ఇచ్చినదానితో సరిపోలిందో లేదో చూడండి. ఒక్క లైన్ పని.

రెండో గుంత గడియారానిది. మన టైమ్ యూటీసీ (ప్రపంచమంతటికీ ప్రమాణమైన గడియారం) కన్నా ఐదున్నర గంటలు ముందు. మీ సర్వర్ యూటీసీలో నడుస్తుంటే పొద్దున ఐదున్నర దాకా దానికి ఇంకా నిన్నే. ఆఫీసు సైట్‌కు ఇది ఎప్పటికీ తెలియకపోవచ్చు. నేను ఒక పాల సేకరణ కేంద్రానికి చేసిన సైట్‌లో తెలిసింది. తెల్లవారి 5:10కి పాలు పోసిన రైతు చీటీ మీద నిన్నటి తారీఖు, 5:40కి పోసిన రైతు చీటీ మీద ఈరోజు తారీఖు. ఇద్దరూ ఒకే వాడవాళ్లు, ఒకే లైన్‌లో నిల్చున్నవాళ్లు. పది రోజులకోసారి బిల్లు కట్టేటప్పుడు ఒకరికి ఒక పూట ఎక్కువ, ఒకరికి ఒక పూట తక్కువ. పీహెచ్‌పీలో టైమ్‌జోన్‌ను ఏషియా/కోల్‌కతా అని మొదట్లోనే పెట్టేస్తే పోయేది. డేటాబేస్‌కు దాని సొంత టైమ్‌జోన్ ఉంటుంది, దాన్నీ చూసుకోవాలి.

ఇక బ్రౌజర్‌లో తిప్పితే లాభం ఎప్పుడంటే, క్షణాన్ని చూసేవాళ్ల టైమ్‌లో చూపాల్సినప్పుడు. ఆన్‌లైన్ క్లాసు సాయంత్రం ఏడింటికి అంటే అమెరికాలో ఉన్న పిల్లకు అక్కడి టైమ్ కనిపించాలి. దానికి బ్రౌజరే సరైన చోటు.

## బ్రౌజర్‌లోని పనిముట్లు

జావాస్క్రిప్ట్ సొంత డేట్ 1995లో హడావుడిగా జావా నుంచి దించుకున్నది. నెలలను సున్నా నుంచి లెక్కపెట్టడం అక్కడి నుంచే వచ్చింది, ఆగస్టు అంటే 7. దీంతో మనవాళ్లకు పడే దెబ్బలు రెండు. ఒకటి: 2024-08-07 అని ఉత్త తారీఖు ఇస్తే అది యూటీసీ అర్ధరాత్రి అనుకుంటుంది. మన దగ్గర అది పొద్దున ఐదున్నర, రోజు మారదు, కాబట్టి మన టెస్టింగ్‌లో ఏ తప్పూ దొరకదు. డల్లాస్‌లో తెరిస్తే ఆగస్టు 6 సాయంత్రం ఏడు. కొడుకు ఫోన్ చేసి "పెండ్లి ఆరో తారీఖా, ఏడా?" అని అడిగేదాకా మనకు తెలియదు.

రెండోది దానికి ఎదురు దిక్కు. క్యాలెండర్‌లో ఆగస్టు 7 నొక్కితే చాలా విడ్జెట్లు మన అర్ధరాత్రిని ఇస్తాయి. దాన్ని టూ ఐఎస్‌ఓ స్ట్రింగ్‌తో (యూటీసీలో అక్షరాలుగా రాసిచ్చే ఫంక్షన్) మార్చి మొదటి పది అక్షరాలు కోస్తే వచ్చేది 2024-08-06. ఎందుకంటే మన అర్ధరాత్రికి యూటీసీలో అంతకుముందు రోజు సాయంత్రం ఆరున్నర. ఈ తప్పు అమెరికాలోవాళ్లకు కనిపించదు, మనకే కనిపిస్తుంది. అందుకే ఇంటర్నెట్‌లో దొరికే కోడ్ ముక్కల్లో ఇది హాయిగా తిరుగుతూ ఉంటుంది. క్యాలెండర్ నుంచి ఏడాది, నెల, రోజు మూడు అంకెలు విడివిడిగా తీసుకుని, నెలకు ఒకటి కలిపి, మీరే అతికించండి.

చూపడానికి బ్రౌజర్‌లోనే ఉన్నది ఇంటల్ డేట్‌టైమ్ ఫార్మాట్. బరువు సున్నా, డౌన్‌లోడ్ లేదు. తెలుగు లొకేల్ (భాష, దేశం సెట్టింగు) ఇచ్చి, పొడవు రూపం అడిగితే 7 ఆగస్టు, 2024 అని తెలుగులోనే ఇస్తుంది. టైమ్‌జోన్ కూడా చెప్పొచ్చు. ఇండియా ఇంగ్లిష్ లొకేల్‌కు 7/8/2024, బ్రిటన్‌కు 07/08/2024, అమెరికాకు 8/7/2024 వస్తాయి. లొకేల్ చెప్పకుండా వదిలేస్తే చూసే కంప్యూటర్ ఏ భాషలో ఉంటే అది వస్తుంది, అదే మొదటి పేరాలోని కథ. ఇంకా చిన్న వింత: టైమ్‌జోన్ పేరు అడిగితే క్రోమ్ ఏషియా/కలకత్తా అని పాత పేరు చెబుతుంది. కోల్‌కతా అనే పేరుతో పోల్చి ఇఫ్ రాసుకున్నవాడు గంటసేపు తల పట్టుకుంటాడు, నేనూ పట్టుకున్నాను. ఇంటల్ చేయలేనిది చదవడం. 07/08/2024ను దానికిచ్చి ఇది ఏ రోజు అని అడగలేం.

లెక్కలు ఎక్కువైతే లైబ్రరీ కావాలి. చిట్టీ వాయిదా జనవరి 31న ఉంది, ఇంకో నెల కలపాలి అనుకోండి. జావాస్క్రిప్ట్ డేట్ ఫిబ్రవరి 31 అని మొదలుపెట్టి మార్చి 3కో, లీపు ఏడాదిలో మార్చి 2కో దొర్లిపోతుంది. చిట్టీ నడిపే ఆయనకు ఫిబ్రవరిలో వాయిదానే ఉండదు! డే జేఎస్, డేట్-ఎఫ్‌ఎన్‌ఎస్ అనే లైబ్రరీలు రెండూ ఫిబ్రవరి ఆఖరు రోజు దగ్గర ఆగుతాయి, మనిషి లెక్క లాగే. డే జేఎస్ చాలా చిన్నది, రెండు కేబీ చిల్లర, రాయడం తేలిక. డేట్-ఎఫ్‌ఎన్‌ఎస్‌లో ఒక్కో పనికి ఒక్కో ఫంక్షన్, వాడినవే మోస్తాం. రియాక్ట్ ప్రాజెక్టులో బిల్డ్ పెట్టుకుని చేసేవాళ్లకు అది నప్పుతుంది. ఉత్త హెచ్‌టీఎంఎల్ పేజీలో ఒక స్క్రిప్ట్ ట్యాగ్ పెట్టి పని కానిచ్చేవాళ్లకు డే జేఎస్. నాలుగైదు దేశాల టైమ్‌జోన్లతో కుస్తీ ఉంటే లక్సన్ చూడండి, మన జిల్లా పనుల్లో నాకు దాని అవసరం ఇంతవరకు పడలేదు.

మొమెంట్ అనే పాత లైబ్రరీ గురించి కోర్సుల్లో ఇంకా చెబుతున్నారు. దాన్ని చేసినవాళ్లే 2020లో కొత్త పనులకు ఇది వద్దని ప్రకటించారు. పాత సైట్‌లో ఉంటే, పనిచేస్తుంటే, ఊరికే పీకకండి. కొత్తదానిలో పెట్టకండి. బరువుగా ఉంటుంది, పైగా ఒక తారీఖుకు రోజు కలిపితే అసలు తారీఖే మారిపోతుంది.

టెంపోరల్ అనేది జావాస్క్రిప్ట్‌లోకి కొత్తగా వస్తున్న పనిముట్టు. తారీఖుకు ఒక రకం, క్షణానికి ఒక రకం అని మొదటి నుంచే వేరు చేసింది, నెలలు ఒకటి నుంచే మొదలవుతాయి. ఫైర్‌ఫాక్స్‌లో 139వ వెర్షన్ నుంచి, అంటే 2025 మే నుంచి ఉంది. మీ సైట్ చూసేవాళ్ల పాత ఫోన్లలో ఉండదు కాబట్టి ఇప్పటికి పాలీఫిల్ (బ్రౌజర్‌లో లేనిదాన్ని పూరించే కోడ్) తగిలించాలి, దానికి బరువుంటుంది. నేర్చుకునేవాళ్లు మాత్రం ఇప్పుడే నేర్చుకోండి.

## అక్షరాల గందరగోళం

ఏ పనిముట్టు ఎంచుకున్నా, తారీఖు ఏ రూపంలో కావాలో చెప్పడానికి దాని అక్షరాలు దానివే. ఒకదాంట్లో నేర్చుకున్నది ఇంకోదాంట్లో కొడితే చాలాసార్లు తప్పు అని చెప్పదు, తప్పు తారీఖు ఇస్తుంది.

| పనిముట్టు | రోజు | నెల | ఏడాది | నిమిషాలు |
|---|---|---|---|---|
| పీహెచ్‌పీ | చిన్న డి | చిన్న ఎం | పెద్ద వై | చిన్న ఐ |
| మైఎస్‌క్యూఎల్ | శాతం గుర్తు, చిన్న డి | శాతం గుర్తు, చిన్న ఎం | శాతం గుర్తు, పెద్ద వై | శాతం గుర్తు, చిన్న ఐ |
| పైథాన్ | శాతం గుర్తు, చిన్న డి | శాతం గుర్తు, చిన్న ఎం | శాతం గుర్తు, పెద్ద వై | శాతం గుర్తు, పెద్ద ఎం |
| డే జేఎస్ | పెద్ద డి రెండు | పెద్ద ఎం రెండు | పెద్ద వై నాలుగు | చిన్న ఎం రెండు |
| డేట్-ఎఫ్‌ఎన్‌ఎస్, జావా | చిన్న డి రెండు | పెద్ద ఎం రెండు | చిన్న వై నాలుగు | చిన్న ఎం రెండు |

డేట్-ఎఫ్‌ఎన్‌ఎస్‌లో నెల చోట చిన్న ఎం కొడితే నిమిషాలు వస్తాయి. రసీదు మీద 07-42-2024 అని చూస్తే కంగారు పడకండి, ఎవరో 42వ నిమిషంలో ప్రింట్ తీశారు. అదే 07-08 లాగా నమ్మేలా వస్తేనే ప్రమాదం. జావాలో పెద్ద వై నాలుగు కొడితే వచ్చేది వారాల లెక్కన నడిచే ఏడాది. 2024 డిసెంబర్ 30ని 2025గా చూపిస్తుంది. ఏడాదంతా బాగానే పనిచేసి డిసెంబర్ ఆఖర్లో మాత్రమే బయటపడే తప్పు ఇది. డేట్-ఎఫ్‌ఎన్‌ఎస్ అలాంటిది రాస్తే ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది, ఆ విషయంలో దానికి దండం పెట్టాలి.

## నింపే పెట్టె ఎలాంటిది పెట్టాలి

దగ్గరి తారీఖులకు, అంటే బుకింగ్, అపాయింట్‌మెంట్‌లకు హెచ్‌టీఎంఎల్ డేట్ ఇన్‌పుట్ చాలు. ఫోన్‌లో క్యాలెండర్ తెరుచుకుంటుంది, జనం వేలితో నొక్కుతారు. తెర మీద ఎలా కనిపించినా సర్వర్‌కు ఎప్పుడూ 2024-08-07 రూపంలోనే వస్తుంది. కానీ విండోస్ వేసినప్పటి నుంచి అమెరికా సెట్టింగులోనే ఉన్న కంప్యూటర్‌లో ఆ పెట్టె నెల ముందు అడుగుతుంది. ఆపరేటర్ పెట్టెను చూడడు, కాగితాన్ని చూస్తూ 07 08 2024 అని టకటకా కొట్టేస్తాడు. సర్వర్‌కు చక్కటి రూపంలో తప్పు తారీఖు వస్తుంది, దాన్ని ఏ కోడూ పట్టుకోలేదు.

దీనికి నేను వాడే మందు ఒకటే: పెట్టె కిందనే పెద్ద అక్షరాల్లో "7 ఆగస్టు 2024, బుధవారం" అని వెంటనే చూపడం. వారం పేరే అసలు కాపలా. తారీఖు అంకెల్లో తప్పు చూడనివాళ్లు కూడా "సోమవారం కాదు కదా, బుధవారం కదా" అని ఇట్టే పట్టేస్తారు.

పుట్టిన తారీఖుకు మాత్రం క్యాలెండర్ వద్దు. 1961కి వెళ్లడానికి అరవై ఏళ్లు వెనక్కి దొర్లించాలి, పెద్దవాళ్లు విసుగొచ్చి పక్కవాళ్లకు ఫోన్ ఇచ్చేస్తారు. రోజు, నెల, ఏడాది మూడు పెట్టెలు పెట్టండి, నెల పెట్టెలో పేర్లు ఉంచండి. ఒక్క పెట్టెలో చేత్తో మొత్తం రాయించడం అన్నిటికన్నా చెడ్డది.

## ఎవరికి ఏది

పీహెచ్‌పీలో బడి సైటో మిల్లు సైటో చేస్తున్నవాళ్లకు: డేట్ కాలమ్, సర్వర్‌లోనే తిప్పడం, కోల్‌కతా టైమ్‌జోన్. జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఏదీ వద్దు. తెలుగు నెల పేర్లు కావాలంటే పన్నెండు పేర్ల అర్రే రాసుకున్నా తప్పు లేదు, ఎవరైనా చదివితే అర్థమవుతుంది.

ఎక్సెల్ నుంచి ఎక్కించేవాళ్లకు: ఎక్సెల్ లోపల తారీఖు ఒక అంకె, 2024 ఆగస్టు 7 అంటే 45511. సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైల్) సేవ్ చేస్తే ఆ కంప్యూటర్ సెట్టింగు ప్రకారం అక్షరాలుగా మారుతుంది, కాబట్టి వీలైతే అసలు ఎక్సెల్ ఫైల్‌నే చదవండి. అందులోనూ ముందే తిరగబడినవి ఉంటాయి. ఎక్కించాక పది వరసలు డైరీతో సరిచూడండి, అదీ 12వ తారీఖు లోపు ఉన్నవి ఏరుకుని.

చిట్టీలు, వాయిదాలు, వడ్డీ లెక్కలు ఉన్నవాళ్లకు డే జేఎస్. లెక్క సర్వర్‌లో జరిగితే పీహెచ్‌పీలో ఒక నెల కలిపినా ఇదే జనవరి 31 తిప్పలు ఉంటాయి, చూసుకోండి. విదేశాల్లో ఉన్నవాళ్లు చూసే సైట్ అయితే క్షణాలకు ఇంటల్, తారీఖులకు ఏ మార్పూ చేయని అక్షరాలు. టెస్టింగ్‌కు క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో లొకేషన్‌ను అమెరికాకు మార్చి ఒకసారి చూడండి, డల్లాస్ నుంచి ఫోన్ రాకముందే తెలుస్తుంది.

ఉద్యోగం కోసం నేర్చుకుంటున్నవాళ్లు డేట్-ఎఫ్‌ఎన్‌ఎస్, టెంపోరల్ రెండూ తెలుసుకోవాలి. ఇంటర్వ్యూలో అడుగుతారని కాదు, పాత డేట్ ఎందుకు దెబ్బ తీస్తుందో వాటిని చూస్తేనే అర్థమవుతుంది.

చూపే రూపం గురించి నాది ఒకటే మాట: జాగా ఉన్నచోటల్లా నెలను పేరుతో రాయండి. 7 ఆగస్టు 2024ను ఎవరూ తప్పుగా చదవలేరు. జాగా లేని టేబుళ్లలో 07-08-2024, అడ్డగీతతో, కాలమ్ తలకట్టులో "రోజు-నెల-ఏడాది" అని రాసి. తెలుగు అంకెలు కూడా ఇంటల్ ఇస్తుంది, ౭ ఆగస్టు, ౨౦౨౪ అని చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. శుభలేఖ పేజీకి బాగుంది, రసీదుకు వద్దు.

ఫంక్షన్ హాల్ ఓనర్ తర్వాత ఇంకో కోరిక కోరాడు. తారీఖు పక్కన తిథి కూడా రావాలట. ఇంటల్‌లో ఇండియన్ క్యాలెండర్ అని ఒకటి ఉందని సంబరపడి పెట్టాను. 2024 ఆగస్టు 7కు అది శ్రావణం 16, 1946 అని చూపింది. పంచాంగంలో ఆ రోజు శ్రావణ శుద్ధ తదియ. అది ప్రభుత్వం 1957లో తెచ్చిన శక క్యాలెండర్, సూర్యుడి లెక్క. మన పంచాంగం చంద్రుడి లెక్క. నెల పేరు ఒకటే, రోజు వేరు. ఓనర్ తెర వైపు చూసి, "శ్రావణం పదహారేంది? పంతులు నవ్వుతడు" అన్నాడు. తీసేసి, బుకింగ్ ఫారంలో తిథి అని ఒక ఖాళీ పెట్టె పెట్టాను. కౌంటర్ వెనక మేకుకు వేలాడే పంచాంగం చూసి ఇప్పుడు ఆయనే నింపుకుంటున్నాడు.